తెల్లబడిన ఇద్దరు

ఆ రోజుల్లో ఫోటో దిగడమంటే సగం అలంకారం, సగం భయం. రీలు కెమెరాలు పోయి డిజిటల్ కెమెరాలు కొత్తగా వస్తున్న కాలం. రాయచూరు బజారులో మా చిన్నాయనకు ఒక ఫోటో స్టూడియో ఉండేది. నేను డిగ్రీ ముగించి, కంప్యూటరు కోర్సు కూడా చేసి (ఆ సర్టిఫికెట్టుకు అమ్మ పసుపు, కుంకుమ పెట్టింది) ఊరికే కూర్చుంటే, "ఇంట్ల కూసోని ఏం జేస్తవ్ బిడ్డా, దుకాణానికి రా" అని చిన్నాయన పిలిచాడు. కెమెరా ఆయనది, కంప్యూటరు నాది. ఆయన తీసిన ఫోటోలను తెర మీద సరిదిద్ది ప్రింటుకు పంపడం నా ఉద్యోగం. ఉద్యోగం అన్న మాటను అప్పట్లో నేనెంత గర్వంగా పలికేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

ఒకటే చిక్కు. ఏ ఫోటో తెరిచినా చీకటిగా కనబడేది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట తీసినది కూడా దీపాలు పెట్టే వేళ తీసినట్టు ఉండేది. రాయచూరు ఎండ సంగతి తెలిసినవాళ్లెవరూ ఇది నమ్మరు. "చిన్నాయనా, నీ కెమెరా నల్లగ తీస్తుంది" అంటే, "థర్మల్ పొగ బిడ్డా, గాలిల ఉంటది, మనమేం జేస్తం" అనేవాడు. (ఆ రోజుల్లో మా ఊళ్లో ఆరేసిన బట్టలు మాసినా, పాలు విరిగినా, అల్లుడు అలిగినా నేరం ఊరవతల థర్మల్ కరెంటు కేంద్రం పొగ గొట్టాల మీదికే పోయేది.) సరే కదా అని నేను ప్రతి ఫోటోకూ వెలుగు పెంచేదాన్ని. మొహం మామూలుగా కనబడేదాకా పెంచి ల్యాబుకు పంపేదాన్ని. ప్రింట్లు వచ్చేసరికి మనుషులు గోధుమపిండిలో దొర్లి లేచినట్టు ఉండేవారు. అదంతా ల్యాబు కాగితం గొప్పతనం అనుకున్నాను.

జనం మాత్రం మురిసిపోయారు. "చలో బందైతవ్వా", బాగా వచ్చిందమ్మా అని కన్నడంలో మెచ్చుకుని, చుట్టాలను కూడా వెంటబెట్టుకొని వచ్చేవారు. మా అమ్మాయి చేతిలో ఏదో ఉందని చిన్నాయన అందరికీ చెప్పుకున్నాడు. అరకేర ఊరి రైతు ఒక్కడు మాత్రం, బ్యాంకు అప్పు కోసం తీయించుకున్న బర్రె ఫోటో పట్టుకొని తిరిగి వచ్చాడు. "అమ్మా, నా బర్రె ఏనాడూ బూడిద పూసుకోలే. బర్రె ఏదని బ్యాంకాయన అడుగుతుండు" అన్నాడు. అప్పుడైనా నాకు తెలివి రావాలి. రాలేదు. వెనక సున్నం గోడ ఉండటం వల్ల అలా వచ్చిందని చెప్పి పంపేశాను.

ఇక నా సంగతి. మా ఇంట్లో అందరిలోకీ నేనే నలుపు. ఆ మాట విని విని అలవాటైపోయిందని పైకి అనేదాన్ని గాని, నిజానికి అలవాటు కాలేదు. అప్పటికే ఒకరిద్దరు పెళ్లిచూపులకు వచ్చి, టీ తాగి, వెళ్లి కబురు చేస్తామన్నారు. ఆ కబుర్లు నేటికీ రాలేదు. ఈసారి అమ్మ ముందు ఫోటో పంపింది. చిన్నాయన తీసిందే, నేను సరిదిద్దిందే. పిల్ల బాగుందని యాపలదిన్ని నుంచి వెంటనే జవాబు వచ్చింది. అబ్బాయికి థర్మల్‌లో ఉద్యోగం. అతని ఫోటో కూడా వచ్చింది. మొహం పాలమీగడలా ఉంది. చూడగానే ఎక్కడో చూసినట్టుందే అనిపించింది. పూర్వజన్మ బంధం అనుకొని రాత్రంతా నిద్రపోలేదు.

ఆదివారం వాళ్లు వస్తారనగా, శుక్రవారం పూజకు దుకాణానికి వచ్చిన చిన్నమ్మ కంప్యూటరుకు బొట్టు పెడదామని తెరను తడిగుడ్డతో గట్టిగా తుడిచింది. గుడ్డ తగిలి కింద ఉన్న చిన్న చక్రం గిర్రున తిరిగింది. తెర ఒక్కసారిగా వెలిగిపోయింది. ఆ పూట నేను సరిదిద్దిన పెళ్లివారంతా అందులో దయ్యాల్లా తెల్లగా నిలబడి ఉన్నారు.

"అరే, తెర వెలుగు నేనే తగ్గించి పెట్టిన" అన్నాడు చిన్నాయన తాపీగా. "కరెంటు పోతే బ్యాటరీ జర ఎక్కువసేపు వస్తదని. కంప్యూటరు తెచ్చిన దినం నుంచి గట్లనే ఉన్నది."

నా ఫోటో తెరిచాను. అందులో ఉన్నది నేను కాదు. పాతవన్నీ తెరుస్తూ పోతే ఒకచోట ఆగిపోయాను. యాపలదిన్ని అబ్బాయి. మా దుకాణంలోనే ఫోటో దిగాడు. పూర్వజన్మ కాదు, పోయిన నెల. నేను దిద్దకముందు తీసిన ఫోటోలో అతను నా అంత నలుపు. ఎడమ బుగ్గ మీద ఒక మచ్చ కూడా ఉంది. దాన్ని నేనే వెలుగులో ముంచేశాను. మచ్చతోనే బాగున్నాడనిపించింది. అంతలోనే, నన్ను చూశాక ఇతను కూడా టీ తాగి వెళ్లిపోతాడేమో అన్న దిగులు పట్టుకుంది.

నా అసలు ఫోటో ప్రింటు వేయించాను. "వచ్చిన సంబంధం చెడగొట్టుకుంటవా?" అన్నాడు చిన్నాయన. "ఎట్లాగూ మనిషినే చూస్తరు గదా, దాని ఇష్టం" అంది చిన్నమ్మ. వాళ్లు మోసమనుకోకముందే నా నోటితో నేనే చెప్పాలనిపించింది.

ఆదివారం రానే వచ్చింది. అబ్బాయి తల్లి నన్ను చూసి, సంచిలోంచి ఫోటో తీసి చూసి, మళ్లీ నన్ను చూసింది. మా అమ్మ అబ్బాయిని చూసి గోడ వైపు తిరిగింది. నేను టీ కప్పు పక్కన నా కొత్త ఫోటో పెట్టి పళ్లెం అతని ముందు ఉంచాను.

"ఇది నా అసలు ఫోటో. ముందుగాల పంపింది తెల్లగ జేసింది నేనే. మా తెర మసకగ ఉండె, నాకు తెల్వలే."

అతను ఫోటో తీసుకొని చాలాసేపు చూశాడు. "ఇదే మంచిగున్నది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాది గూడ గిట్ల ఒకటి తీసిస్తరా? ఆ తెల్ల ఫోటో చూసి, ఈ పిలగాడు ఎవరని మా అమ్మనే అడిగింది" అన్నాడు.

"తీసే పని లేదు, దుకాణంల ఉంది. బుగ్గ మీద మచ్చతోటి" అన్నాను. గదిలో అందరూ నా వైపు తిరిగారు. ఏమన్నానో అప్పుడు తెలిసింది. నల్లగా ఉంటే సిగ్గుపడినా ఎవరికీ కనబడదని మాత్రం ధైర్యంగా ఉంది. (ఆయనకు కనబడిందట. పెళ్లయ్యాక చెప్పాడు.)

ఇప్పుడు ఫోన్లు అడగకుండానే మొహాలు తెల్లగా చేస్తున్నాయి. ఆయన నా ఫోటో తీసేముందు తంటాలుపడి దాన్ని ఆపుతాడు. అద్దంలో చూసుకుంటే మాత్రం జుట్టు నిజంగానే తెల్లబడింది. దానికి ఏ తెరనూ తప్పుపట్టడానికి లేదు. ఆనాటి ఆ రెండు తెల్ల ఫోటోలూ బీరువాలో ఉన్నాయి. మా రెండిళ్లవాళ్లు మెచ్చి కబురు పంపుకున్నది ఆ ఇద్దరినే చూసి, పెళ్లి మాత్రం మాకు జరిగింది. అందుకే పాపమనిపించి, వాళ్లిద్దరినీ ఒకే కవరులో పక్కపక్కన పెట్టాను.