సున్నం కింద మనుషులు

సంతాపసభలో అతన్ని "ప్రజా చిత్రకారుడు" అన్నారు. బతికుండగా అదే జనం "గోడలు పాడుచేసే పీడ" అనేవాళ్లు. అతను మహాత్ముడేం కాదు. షాపుల బోర్డులు రాసుకునే కోపిష్టి, ఎవరి మాటా వినని మొండిఘటం. పనివాళ్లని లోపల కూర్చోనివ్వని ఇళ్లు ఎక్కడున్నాయో వెతికి, వాటి ప్రహరీల మీదే ఆ పనివాళ్లని నిలువెత్తున గీసేవాడు. రంగులకి బదులు మెకానిక్ షెడ్లో పారేసే ఆయిల్లో మసి కలిపేవాడు.

అతని చెల్లెలు సున్నాలు వేసే మేస్త్రి. అన్న పోయిన నెలకి, పెద్ద అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఆమెనే పిలిచి, అన్న గీసిన ఆరుగురు పనివాళ్లూ కనపడకుండా ప్రహరీ తెల్లగా చెయ్యమన్నాడు. కాదంటే ఏడాది పనంతా ఇంకొకరికి పోతుంది. ఆమెని నమ్ముకుని నలుగురు కూలీలున్నారు. పంటిబిగువున ఒప్పుకుంది.

ఒక పూత వేసింది. తెల్లారేసరికి ఆరుగురూ పైకి తేలారు. రెండో పూత వేసింది. మళ్లీ తేలారు.

"ఏంటమ్మా, మీ అన్న గోడలో కూర్చుని గీస్తున్నాడా?" అన్నాడు సెక్రటరీ.

"ఆయిల్ మరక సార్, సున్నానికి లొంగదు. ముందు మరకని ఆపే ప్రైమర్ పట్టించాలి."

"ఇరవై ఏళ్ల మేస్త్రివి, ఆ ముక్క ఇప్పుడా చెప్పడం?"

తెలియక కాదు. చెయ్యి రాలేదంతే.

మూడోరోజు ప్రైమర్ డబ్బాతో వచ్చి చూస్తే గోడ మీద ఏడుగురున్నారు. చివర్లో నడుం వంగిన ముసలావిడ, చంకలో బుట్ట, ఎడమ కాలికి మూడే వేళ్లు. తాకితే వేలికి మసి అంటింది. ఇంకా తడిగానే ఉంది.

తిట్టడానికే వచ్చిన సెక్రటరీ ఆ పాదం చూసి ఆగిపోయాడు.

"ఈవిణ్ని ఎవరు గీశారు?"

"తెలీదు సార్. మా అన్న గీసింది ఆరుగురినే. ఆయిల్ డబ్బా మోసింది నేనే."

సెక్రటరీ ఆ పాదం దగ్గరికి వంగాడు. "మా అమ్మ. ఇళ్లల్లో అంట్లు తోమేది. ఇక్కడెవరికీ తెలీదు. పోయి ముప్పై ఏళ్లయింది. ఒక్క ఫొటో కూడా లేదు." గొంతు తగ్గించాడు. "ఆవిడొక్కదాన్నీ వదిలేయమ్మా. మిగతావాళ్లని కానిచ్చేయ్."

నలుగురు కూలీలూ ఆమె వైపే చూస్తున్నారు. బ్రష్ ముంచి ముసలావిడ ముఖానికి జానెడు దూరంలో ఆపింది.

"ఉంటే ఏడుగురూ ఉంటారు, పోతే ఏడుగురూ పోతారు. ఈవిడతోనే మొదలెడతా. పూయమంటారా?"

"వద్దు" అన్నాడు. గట్టిగా కాదు, గోడలో ఎవరో వింటున్నట్టు.