దల్మా కొండ మీద నార్వే ప్రసాదం

మా ఊరొదిలి వచ్చి స్థిరపడిన హిందీవాళ్ల ఊళ్లో నాన్న ఉక్కు కార్ఖానాలో ఖలాసీ. గొలుసులు, కప్పీలతో బరువులెత్తి బిగించే పని. ఆ ఏడాది కొత్త ఫర్నేసు బిగించడానికి నార్వే నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ఆయన నాన్న చేతికి గ్రీజున్నా తుడుచుకోనివ్వకుండా చెయ్యి కలిపేవాడట. పదిహేనేళ్ల నౌకరీలో అలా చెయ్యి కలిపిన దొర ఇంకొకడు లేడు. అందుకని ఆయన ఏం చెప్పినా నాన్నకి వేదం.

ఒక శనివారం ఆయన నాన్నకి ఒక చాక్లెట్ ఇచ్చాడు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చారల కాగితం, లోపల పుల్లల్లా పొడుగాటి ముక్కలు నాలుగు. వాళ్ల దేశంలో దాన్ని ఇంట్లో తినరట. మంచు కొండ ఎక్కి, పైన కూర్చుని, కమలాపండుతో పాటు, వెంట వచ్చినవాళ్లకి పెట్టి తింటారట. అలాగే తిని, ఎలా ఉందో సోమవారం చెప్పమన్నాడు.

ఆయన సరదాకే చెప్పి ఉంటాడు. మా ఇంట్లో సరదా మాటలు కూడా మొక్కులైపోతాయి. ఆదివారం పొద్దున్నే సిద్ధగోరాలోని కంపెనీ క్వార్టర్లో నలుగురం తలంట్లు పోసుకున్నాం. నాన్నమ్మ ఆ కాగితం తిప్పి తిప్పి చూసి, కుంకుమ, పసుపు, మారేడాకు మూడు రంగులూ ఉన్నాయి కాబట్టి ఇది తినుబండారం కాదని తేల్చింది. కొండెక్కేదాకా ఎవరూ మెతుకు ముట్టకూడదంది. మరి మంచు మాటేమిటని అమ్మ అడిగితే, నాన్న కాసేపు ఆలోచించి అందరిచేతా స్వెట్టర్లు తొడిగించాడు.

మాంగో పేట దాటి దల్మా కొండ కింద బస్సు దిగాం. నాన్నమ్మ సింహాచలం మెట్లకి చేసినట్టే, దారిలో కనిపించిన ప్రతి బండకీ పసుపు రాసి బొట్టు పెడుతూ ఎక్కింది. దల్మాలో బండలకి కొరత లేదు. పైకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది, స్వెట్టర్లు తడిసిపోయాయి, ఆకలికి నాకు ఏడుపొచ్చింది.

పైన గుడి దగ్గర లారీలో వచ్చిన పిక్నిక్ జనం వంట చేసుకుంటున్నారు. నాన్నమ్మ ఒక రాతి మీద తమలపాకు పరిచి, చాక్లెట్, మేం తెచ్చిన కమలాపండ్లు పెట్టి, కర్పూరం వెలిగించింది. ఇక మంత్రం కావాలంది. కాగితం లోపలివైపు వాళ్ల భాషలో ఏవో వరసగా అచ్చువేసి ఉన్నాయి. ఇంగ్లీషు మీడియం దాన్ని నేనే కాబట్టి నన్నే చదవమన్నారు. అక్షరాలు తెలిసినవే గాని మాటలకి నోరు తిరగలేదు. వ్రతం చేయించే పంతులుగారి రాగం తీసి చదివేశాను. అవి కొండెక్కేవాళ్లకి జాగ్రత్తలనీ, ఓపిక లేకపోతే వెనక్కి తిరగడానికి సిగ్గుపడొద్దని కూడా అందులో ఉందనీ పెద్దయ్యాక తెలిసింది. ఆ రోజు మాత్రం పిక్నిక్ జనం గరిటెలు వదిలేసి వచ్చి చేతులు జోడించి నిలబడ్డారు.

నైవేద్యం పెట్టాక అది ప్రసాదం. చెయ్యి చాపినవాళ్లకి లేదనకూడదు. అక్కడ చేతులు నలభైకి తక్కువ లేవు. నాన్నమ్మ ముందుగా నా చేతిలో బొటనవేలంత ముక్క పెట్టించింది. మిగిలినదాన్ని నాన్న విరిచి, విరిచినదాన్ని గోటితో గిల్లి, ఒక్కొక్కళ్లకీ పంచుతూ వెళ్లాడు. పంచేవాడు ఆఖరున తినాలి. ఆఖరి నలుసు లారీ డ్రైవరుకి పోయింది. కమలాపండ్లూ అలాగే పోయాయి.

నాన్న ఖాళీ తమలపాకు వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. నా గుప్పిట్లో సగం ముక్క ఇంకా ఉంది. నేను అటు తిరిగి దాన్ని నోట్లో వేసుకున్నాను. నాన్న వెళ్లి, అమ్మ తెచ్చిన పులిహోర తిని చేతులు కడుక్కున్నాడు.

సోమవారం పొద్దున షిఫ్టుకి సైకిల్ బయటికి తీస్తూ నన్ను పిలిచాడు.

"అది ఎలాగుందే? నార్వే సాయెబు అడుగుతాడు."

"బహుత్ అచ్ఛా థా," అన్నాను, మొహం చూడకుండా.

"నాను తిన్నానని అబద్దం సెప్పనేను. మా పాప తింది, బాగుందంది అని ఇంగిలీసులో ఏటనాలో సెప్పు."

నాకు వచ్చినంతలో నేర్పాను. నాలుగుసార్లు నా ముందు అప్పజెప్పి, సైకిలెక్కాడు. వీధి మలుపు తిరిగేదాకా "మై డాటర్ ఈట్, సార్. వెరీ నైస్, సార్" అని వల్లిస్తూనే వెళ్లాడు. గుమ్మంలో నిలబడి విన్నాను. గుప్పిట్లోని ఆ సగం ముక్క గుర్తొచ్చి నాకు చచ్చేంత సిగ్గేసింది.