ఉడుకు నీళ్ళ బుగ్గలో రాజన్న పాదాలు

2023 చలికాలం. దోహాలోని అల్ సద్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో డయాబెటిస్ నర్సుగా నాకది తొమ్మిదో ఏడు. షుగర్ ఉన్నవాళ్ళకు మాత్రలు, తిండి, పాదాల జాగ్రత్త గురించి చెప్పడం నా పని. పాదాలకు మోనోఫిలమెంట్ టెస్ట్ అని ఒకటుంది. రోగిని కళ్ళు మూసుకోమని, సన్నని నైలాన్ దారాన్ని అరికాలిలో అక్కడక్కడా ఆనిస్తాం. తగిలిందో లేదో ఆయన చెప్పాలి. స్పర్శ ఉందో పోయిందో తేలిపోతుంది. ఐదు నిమిషాల పని.

రాజన్న గారిది జగిత్యాల దగ్గర పల్లె. యాభై దాటాయి. అల్ అజీజియాలో ఒక ఖతరీ కుటుంబానికి హౌస్ డ్రైవర్. ఆ గురువారం వెయిటింగ్ హాలు నిండిపోయి ఉంది. నేను ఆయన బూట్లు కూడా విప్పించలేదు. ఫైల్లో ఫుట్ ఎగ్జామ్ అన్నచోట 'నార్మల్' అని రాసేశాను.

వెళ్తూ వెళ్తూ ఆయన ఆగారు. "సిస్టర్, అరికాళ్ళు తిమ్మిరి తిమ్మిరిగ అయితున్నయ్. రేపు మా మేడమోళ్ళు సల్వా బార్డర్ అవుతల, సౌదీల, ఉడుకు నీళ్ళ బుగ్గకు పోతుండ్రు. నేనే బండి తోలాలె. అండ్ల కాళ్ళు పెడితె మంచిదంటరు. పెట్టాల్నా?"

కంప్యూటర్ మీది నుంచి చూపు తిప్పకుండానే, "పెట్టండి, హాయిగా ఉంటుంది" అన్నాను.

స్పర్శ పోయిన పాదాలను వేడినీళ్ళలో పెట్టకూడదని రోజుకు పదిమందికి చెప్పేదాన్ని నేనే.

ఆదివారం ఆయన కుంటుతూ వచ్చారు. రెండు పాదాల నిండా బొబ్బలు. ఎడమ కాలి చిటికెన వేలు తెల్లగా పాలిపోయి ఉంది. ఆయన్ను కూర్చోబెట్టి అడిగాను.

"ఎంతసేపు పెట్టారు?"

"అర్ధ గంట ఉంటది. పిల్లలు కాలు పెట్టి, హార్ హార్, కాలుతుందని ఎగిరి దుంకిండ్రు. నాకేం కాలలే. నేనే గట్టోన్ననుకున్న. మీరు పెట్టుమన్నరు గద, ధైర్యంగ కూసున్న. వాపస్ వచ్చెటప్పుడు సాక్సు తడితడిగ అయితె చూసుకున్న."

డాక్టర్ దారం తెప్పించి తనే టెస్ట్ చేశారు. ఒక్కచోట కూడా రాజన్న గారికి తగల్లేదు. డాక్టర్ ఫైల్ తెరిచి నా రాత చూశారు. "గురువారం ఈ టెస్ట్ చేశావా?"

"చేశాను సార్."

ఆ మాట ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. డాక్టర్ రాజన్న గారి వైపు తిరిగి హిందీలో అదే అడిగారు. ఆయన నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "కియా సాబ్. అచ్ఛా సే దేఖా" అన్నారు. చేశారు, బాగా చూశారు అని.

ఇన్‌ఫెక్షన్ ఎముకకు పాకి, ఆ చిటికెన వేలు తీసేయాల్సి వచ్చింది. నెలన్నర పాటు డ్రెస్సింగ్ నేనే చేశాను. ఈలోగా ఆ ఇంట్లో ఇంకో డ్రైవర్‌ను పెట్టుకున్నారు. ఒకరోజు గాజుగుడ్డ చుడుతూ, తల దించుకునే చెప్పాను. "ఆ రోజు నేను మీ పాదాలు చూడనే లేదు, రాజన్న గారూ."

"ఎర్కనే సిస్టర్. డాక్టర్ సాబ్ దారం పెట్టిన నాడే సమజైంది, మీరిది చెయ్యలేదని."

"మరి ఆయనకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తె వేలొస్తదా? మీ డ్యూటీ వోతది, గంతే."

ఆ సాయంత్రమే డాక్టర్ గదికి వెళ్ళి, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. రికార్డు సరిచేశారు. నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు. ఉద్యోగం మాత్రం పోలేదు. పోయింది రాజన్న గారిది. పుండు మానాక ఆయన ఊరికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు హాలు ఎంత నిండినా, ముందు బూట్లు విప్పిస్తాను. ఎవరూ ఫిర్యాదు చేయలేదంటే పని సరిగ్గా చేసినట్టేనని అంతకుముందు అనుకునేదాన్ని. మనల్ని నమ్మినవాళ్ళు ఫిర్యాదు చేయరని రాజన్న గారి దగ్గర తెలిసింది. నన్ను క్షమించారా అని ఆయన్ను అడగలేదు. అడిగితే వెంటనే క్షమించానంటారని తెలుసు. అందుకే అడగలేకపోయాను.