భాగ్యక్క ఇంట్లో రెండు ఫ్రిజ్‌లు

ఎవరి కొంప వాళ్లే ముంచుకోవడం లోకంలో ఉన్నదే. నేను మాత్రం కొంపలోని సామానంతా ముందురోజే పక్కింటికి మోసి మరీ ముంచాను. చెబుతాను, మీరు నవ్వుకోండి. ఆ రోజు మా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

మాది మరమగ్గాల మీద, మా వాడ భాషలో సాంచాల మీద, బతికే కుటుంబం. పిల్లలు లేరు. కరీంనగర్‌లో బాలసదనంలో ఉంటున్న ఏడేళ్ల మౌనికను మా ఇంట్లో పెంచుతామని నేనూ, మా ఆవిడ లతా దరఖాస్తు పెట్టుకున్నాం. ఫోస్టర్ కేర్ అంటారు దాన్ని. ఇల్లు చూసి, మనుషులను చూసి, సరేననుకుంటేనే పిల్లను పంపుతారు. లతకు ఆగితేనా! చిన్న మంచం చేయించి, గులాబీరంగు దుప్పటి పరిచి, ఇంకా రాని పిల్ల కోసం రోజూ దులిపేది.

లత మంథనిలో చెల్లెలింటికి వెళ్లిన సాయంత్రం ఫోన్ మోగింది. "రేపు పొద్దున ఎంక్వైరీకి వస్తున్నం. ఇంట్ల ఉండున్రి."

ఎంక్వైరీ! ఆ మాట వింటే మా వాడలో ఏమవుతుందో మీకేం తెలుసు? రేషన్ కార్డుకో, పింఛనుకో ఆఫీసరు వస్తున్నాడంటే, ఉన్నవాళ్లమని పేరు కొట్టేస్తాడేమోనని ఫ్రిజ్, టీవీ, కూలర్ అన్నీ పక్కింటికి పోతాయి. ఆఫీసరు పక్కింటికి వస్తే వాళ్లవి మా ఇంటికి వస్తాయి. చిన్నప్పటి నుంచీ చూసిన పని కదా, బుర్రను అడక్కుండానే చేతులు లేచాయి. పక్కింటి భాగ్యక్క, వాళ్లాయన, నేను కలిసి అన్నీ మోశాం, ఆఖరికి ఆ చిన్న మంచంతో సహా. భాగ్యక్క ఇచ్చిన చిరిగిన చాప పరిచి, వాళ్లాయన చిల్లుల బనియన్ తొడుక్కున్నాను. అద్దంలో చూసుకుంటే నా మీద నాకే జాలేసింది.

పొద్దున్నే ఎంక్వైరీకి ఒక మేడం వచ్చింది. చుట్టూ చూసి, చాప మీదే కూర్చుంది.

"ఏం పని చేస్తరు?"

"సాంచాలు నడుపుత మేడం. ఏం ఫాయిద? ఒక పూట తింటే ఇంకో పూట పస్తే."

"ఒక్క పూటనేనా?" మేడం రాయడం ఆపింది.

"అది గూడ గంజే," అన్నాను ఊపులో.

"పండేదేడ?"

"గీ చాప మీదనే. వాన వడితే గిది గూడ తడుస్తది."

మేడం చాపను చూసింది, నన్ను చూసింది. "మరి పిల్లకేం పెడ్తరు? ఏడ పండవెడ్తరు?"

పిల్ల! అప్పుడు వెలిగింది బుర్ర. గుండె జారి ఆ బనియన్ చిల్లుల్లోంచి కింద పడిందనుకున్నాను.

సరిగ్గా అప్పుడే లత ఆటో దిగి లోపలికి వచ్చింది.

"ఓ అవ్వో! ఫ్రిజ్ ఏది? టీవీ ఏది? దొంగలు వడ్డరు!" మూలకు పరుగెత్తింది. "మౌనిక మంచం గూడ ఎత్తుకపోయిన్రు!" అంటూ కూలబడి ఏడ్చింది.

మేడం బిత్తరపోయి లేచింది. "పోలీసులకు ఫోన్ చెయ్యాల్నా?"

గోడ మీంచి భాగ్యక్క తల పైకి లేచింది. "దొంగలెవ్వలు లేరు చెల్లె! నీ పెనిమిటే మా ఇంట్ల వెట్టిండు. ఆఫీసర్ పోయిండా? పోతే జర జల్ది తీస్కపోన్రి, మాకు నడువ తొవ్వ లేదు!"

మేడం పక్కింటికి నడిచింది. వెనకాలే మేము. రెండు ఫ్రిజ్‌లు, రెండు టీవీలు, రెండు కూలర్లు.

"గిదేంది?"

"అలవాటు మేడం," అన్నాను తల దించుకుని.

లత మేడం చేతులు పట్టుకుంది. "గీయన తెలివి జూసి నా పిల్లను ఆపకున్రి మేడం."

మేడం చిన్న మంచం దగ్గర ఆగి దుప్పటి మీద చెయ్యి పెట్టింది. మడత నలగలేదు.

"లేనిది ఉన్నట్టు చూపెట్టినోళ్లను మస్తు మందిని చూసిన. ఉన్నది దాసినోళ్లను మిమ్మల్నే చూస్తున్న," అంటూ నవ్వేసింది. "వారమైనంక మళ్ల వస్త. ఎక్కడియి అక్కడ ఉండాలె."

మౌనిక వచ్చి ఏడాది దాటింది. మొన్న రేషన్ కార్డుల ఎంక్వైరీ అని వాడంతా ఒకటే ఉరుకులాట. చూస్తే మౌనిక దుప్పటి చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏడికి బిడ్డా?"

"భాగ్య పెద్దమ్మ ఇంటికి. ఎంక్వైరీ వస్తే ఇంట్ల మంచియన్ని ఆడనే దాస్తవట గద బాపూ!"

పిల్లను ఎత్తుకుని లోపలికి తెచ్చి, ఆ చిన్న మంచం మీద కూర్చోబెట్టాను.

అందుకే ఆ మంచం మీద చెయ్యేసి, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా మా ఇంట్లోంచి చెంచా కూడా గడప దాటదు. ఒక్క బనియన్ తప్ప. అది భాగ్యక్క వాళ్లాయనది, ఇంకా తిరిగివ్వలేదు.