టబ్బు సిస్టర్ మనవరాలు

కాన్పుల వార్డు పెద్ద నర్సును అందరూ టబ్బు సిస్టర్ అంటారు. బిడ్డ కేరుమనడమే ఆలస్యం, గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోబెట్టి, ఒంటిమీది తెల్లటి జిడ్డంతా తోమేసి, తళతళలాడే పిల్లను బంధువుల చేతుల్లో పెడుతుంది. వాళ్లు మురిసిపోతారు. వాళ్లకంటే ఎక్కువ ఆవిడ మురిసిపోతుంది.

తెలియక చేస్తుందా అంటే, అదీ కాదు. పుట్టిన రోజున స్నానం వద్దనీ, పొడిగుడ్డతో తుడిచి తల్లి గుండెల మీద పడుకోబెట్టాలనీ, ఆ జిడ్డే బిడ్డకు దుప్పటనీ కొత్త నర్సులకు పాఠం చెప్పేది ఆవిడే. శిక్షణ పరీక్షల్లో మొదటి మార్కూ ఆవిడదే. పాఠం ముగించి నేరుగా టబ్బు దగ్గరికి నడుస్తుంది. కొత్త పిల్లలెవరైనా నసిగితే, అది పరీక్షకమ్మా, ఇది వార్డు అని నోరు మూయిస్తుంది.

చివరికి ఆవిడ కూతురూ అక్కడే కనింది. నెలలు నిండని పిల్ల, గుప్పెడంత ఉంది. సిస్టర్ గబగబా తుడిచి కూతురి గుండెలకు అంటించి కప్పేసింది. వియ్యపురాలు టబ్బు వైపు చూసింది.

"లోకంలో అందరి పిల్లలకీ పోస్తారు కదా వదినగారూ, సొంత మనవరాలి దగ్గరికొచ్చేసరికి నీళ్లు కరువయ్యాయా?"

"చల్లబడిపోతుంది వదినగారూ. ప్రాణానికే ముప్పు."

నాలుక కరుచుకునేలోపే మాట వార్డంతా పాకింది. ఎదురు మంచం మీది బాలింత లేచి కూర్చుంది. పొద్దున్నే ఆమె కొడుక్కి టబ్బు యోగం పట్టింది. అప్పట్నుంచీ పాలు తాగట్లేదని, కాళ్లు చల్లగా ఉన్నాయని ఆమె మొత్తుకుంటే, పిల్లలన్నాక అంతేనని సిస్టర్ కొట్టిపారేసింది.

"మరి నా కొడుకు చల్లబడడా సిస్టర్?" అని నెమ్మదిగా అడిగింది.

ఎవరికైనా ఠక్కున జవాబిచ్చే సిస్టర్, ఈసారి నేరుగా వెళ్లి పసివాడి పాదాలు పట్టుకుంది. మంచుముక్కలు. డాక్టరుకు కబురు పెట్టి, వాడి బట్టలు విప్పి, తల్లి ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి, మనవరాలి కోసం కొన్న కొత్త దుప్పటి ఇద్దరికీ కప్పింది. మనవరాలి ఊసే మరిచి అక్కడే నిలబడిపోయింది. సాయంత్రానికి వాడు వెచ్చబడి, పాలకు మూతి చాపాడు. అప్పుడు గానీ ఆవిడకు కూర్చోవాలని తోచలేదు.

తప్పయిందని ఒప్పుకుందా అంటే, పెద్ద నర్సాయె, ఎలా ఒప్పుకుంటుంది? మర్నాటి నుంచి స్నానం ఏదని అడిగినవాళ్లందరికీ టబ్బు కారుతోందని చెప్పసాగింది. ఒక తాతగారు, పాపం అమాయకుడు, కొత్త టబ్బు కొనుక్కొచ్చాడు.

ఆవిడ చేతిలో పడగానే అదీ కారడం మొదలెట్టింది.