పాలు పొంగని గది

ఆ గురువారం పదకొండో గదిలో కౌన్సెలింగ్ జరగలేదు. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. డైరీలోనూ రాయలేదు, ఎందుకంటే నా డైరీని మా అమ్మ నాకంటే శ్రద్ధగా చదువుతుంది.

మెదక్‌లో చేగుంట రోడ్డు వైపు ఒక ట్రస్టు వాళ్ళు ఒంటరి ఆడవాళ్ళ కోసం తక్కువ కిరాయి గదులు కట్టించారు. నేను అక్కడి ఆఫీసులో కంప్యూటర్ పని చేసేదాన్ని. పెద్దగా మాట్లాడను కాబట్టి నాకు వినబడదని కూడా అనుకున్నట్టున్నారు, అన్ని సంగతులూ నా ముందే మాట్లాడుకునేవారు. అందరి నోటా ఒకటే మాట: స్థిరత్వం. గోడ మీద రాయించారు, చాయ్ కప్పుల మీద అచ్చు వేయించారు. గదుల్లో మాత్రం పొయ్యి పెట్టకూడదు, మేకు కొట్టకూడదు, మేనేజర్ మేడం ఎప్పుడు తలుపు తోసినా కాదనకూడదు. ఆమె చెప్పులతోనే మంచం దాకా నడిచేది. వెనకాలే నేనూ, నా చెప్పులతో.

పదకొండో గది ఒక ముసలామెకు వచ్చింది. రేగోడ్ వైపు మనిషి. వయసంతా ఇటుకలు మోసింది. కడుతున్న ఇళ్ళలోనే కాపురం చేసింది. ఒకటి పూర్తి కాగానే ఇంకో ఇంటి పునాదుల దగ్గరికి. గది ఇచ్చాక మూట లోపల పెట్టింది గానీ విప్పలేదు. తాను వరండాలో పడుకుంది. ఎంత చెప్పినా అంతే.

హైదరాబాద్ నుంచి ప్రతి గురువారం వచ్చే కౌన్సెలర్ మేడం దీన్ని మనసుకు తగిలిన పాత గాయమంది. రంగు పెన్సిళ్ళిచ్చి, ఇల్లు అనగానే ఏం గుర్తొస్తే అది గీయమంది. ముసలామె స్లాబు కింద నిలబెట్టే సెంట్రింగ్ కర్రలు గీసింది. మేడం వాటిని జైలు ఊచలనుకుని కళ్ళు తుడుచుకుంది.

మేనేజర్ మేడం కళ్ళు తుడుచుకునే రకం కాదు. "నెలాఖరు వరకు గదిల పండుకోకపోతే ఇంకొకామెకు ఇచ్చేస్తం," అని తేల్చేసింది.

ఎందుకు పడుకోవడం లేదని ముసలామెనే అడగాలని ఎవరికీ తోచలేదు. నేను అడిగాను, అదీ నల్లా దగ్గర, సగం మాట మింగేస్తూ.

"పాలు పొంగియ్యని ఇంట్ల ఎట్ల పండుకుంటరు బిడ్డా? ఇల్లు మేం కడ్తుంటిమి, ఇంటోళ్ళొచ్చి పాలు పొంగిస్తుండ్రి. పాలు పొంగినయంటే మాకు మూట కట్టుడే."

"ఓపెనింగ్ నాడు ఈడ పొంగిచ్చిండ్రు గద అవ్వా."

"ఆఫీసుల పొంగిచ్చిండ్రు. గందుకే ఇది ఆఫీసోళ్ళ ఇల్లు."

"కరెంటు కెటిల్ తేవాల్నా?"

"కెటిల్ల నువ్వు చాయ్ పెట్టుకో. నాకు మంట గావాలె."

తర్వాతి గురువారం కౌన్సెలర్ మేడం, బస్సు దొరకదంటూ మధ్యాహ్నమే వెళ్ళిపోయింది. మేనేజర్ మేడంకు ఆ సంగతి తెలియదు. నేను పాల ప్యాకెట్ కొనుక్కొచ్చాను. ముసలామె ప్రహరీ పక్కన పడి ఉన్న ఇటుకలు మూడు ఏరి తెచ్చి, గదిలో తూర్పు చూసి పేర్చింది. నన్ను బయట కాపలా పెట్టి తలుపు వేసుకుంది. కాసేపటికి తలుపు కింది నుంచి పొగ వచ్చింది. దాని వెనకే మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"ఏమైతుంది లోపల?" అంది మేనేజర్ మేడం.

బుద్ధి తెలిశాక నేనంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. "కౌన్సెలింగ్ నడుస్తుంది మేడం."

"పొగేంది మరి?"

"కొత్త పద్ధతట."

ఆమె ఫోను సైలెంట్‌లో పెట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగిపోయింది. మనుషులున్న గదిలోకి అడగకుండా దూరే ఆమె, పద్ధతికి మాత్రం అంత మర్యాద ఇచ్చింది.

ఆ రాత్రి ముసలామె లోపల పడుకుంది. గది ఆమెదే అయింది. తర్వాతి వారం ట్రస్టు వాళ్ళు కౌన్సెలర్ మేడంకు శాలువా కప్పారు. పొగ పద్ధతి గురించి అడిగితే ఆమె కాదనలేదు. "అది మాటల్లో చెప్పేది కాదండీ," అంది. ఆ ఒక్క మాట మాత్రం నిజమే.

ఫోటోలో ముసలామె కూడా ఉండాలన్నారు. పిలుచుకురమ్మని నన్ను పంపారు. పదకొండో గది తలుపు తెరిచే ఉంది. గోడకు ఒక మేకు, దానికి వేలాడుతూ ఒక చీర. మూట విప్పి ఉంది. నేను అలవాటు కొద్దీ లోపలికి అడుగు వేయబోయాను.

"ఆగు బిడ్డా," అంది ముసలామె. "చెప్పులు బయట ఇడిసి రా."