రెండొందల పన్నెండు ఎడమ చేతులు

మూడు నిమిషాలు. టేపక్క ఇంట్లో కంప్యూటర్ మీట నొక్కితే, తెర మీద బొమ్మలన్నీ కుదురుకోవడానికి అక్షరాలా మూడు నిమిషాలు పట్టేది. టేపక్కకు ఆ మూడు నిమిషాలు ఏనాడూ బరువనిపించలేదు. ఈలోపు బల్ల మీద నిన్నటి గుడ్డముక్కలు ఏరేది, కుట్టుమిషన్‌లో పేరుకున్న పీచు బ్రష్‌తో దులిపేది, రెండు చుక్కలు నూనె వేసేది. అంతలో కంప్యూటర్ కూడా లేచి కూర్చునేది. అందులో ఎవరికేం నొప్పి, చెప్పండి! నొప్పి ఆమె మరిదికి. ఆ మూడు నిమిషాలు ఆయనగారి కంట్లో నలుసయ్యాయి.

మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి వీధి మొత్తానికీ ఆమె టేపక్క. ముందుగదే ఆమె దుకాణం. అందరికీ కుట్టే టైలర్లు ఆ వీధిలోనే ముగ్గురున్నారు. ఈమె దగ్గరికి వచ్చేవాళ్ళు వేరు. వెన్ను వంగినవాళ్ళు, ఒక భుజం దిగినవాళ్ళు, ప్రమాదంలో చెయ్యి మోచేతి దాకానే మిగిలినవాళ్ళు, చక్రాల కుర్చీలో రోజంతా కూర్చునేవాళ్ళు. షాపుల్లో వేలాడే చొక్కాలు వాళ్ళకోసం కుట్టినవి కావు. టేపక్క కుట్టింది తొడుక్కుని అద్దం ముందు నిలబడితే మాత్రం, చూసేవాళ్ళకి ముందు మొహం కనిపిస్తుంది, వెన్ను కాదు. ఆ పనితనం అలాంటిది.

వాళ్ళకి ఆమె ఇచ్చిన మాట ఒకటుంది. మొదటిసారి వచ్చినప్పుడు తలుపు వేసి, తెర లాగి, నలభై ఒక్క కొలతలు తీసుకుంటుంది. "ఇదే మొదలు, ఇదే ఆఖరు. మళ్ళీ మీ ఒంటి మీద టేపు పెట్టను" అంటుంది. ఈ మాటలో అంత గొప్పేమిటని మీరనుకోవచ్చు. లైబ్రరీ మేడమ్‌ని అడగండి. ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని అరగంట కుర్చీలోంచి లేవలేదు. అంతకుముందు వెళ్ళిన చోట టైలరు ఆవిడ వీపు కొలుస్తూ కొలుస్తూ, "ఒరేయ్, ఇటొచ్చి చూడండ్రా, ఈ లెక్క ఎలా వెయ్యాలో" అని లోపలి వాళ్ళని కేకేశాడట. మనిషేనా వాడు! ఆ మాట చెప్పి ఆవిడ ఏడ్చింది, వింటూ ఈమె ఏడ్చింది. ఆ తరవాత తొమ్మిదేళ్ళలో ఆరుసార్లు కోటు కుట్టించుకుంది మేడమ్. టేపు మళ్ళీ ఒంటిని తాకలేదు. కాస్త ఒళ్ళు చేసినా, తగ్గినా ఫోన్లో చెప్పేది, టేపక్క తెర మీదే గీత జరిపేది.

ఆ గీతలన్నీ ఉన్నది ఆ కంప్యూటర్లోనే. రెండొందల పన్నెండు మంది, మనిషికో ఫోల్డర్. ఒక్కో ఫోల్డర్లో అవే పేర్లతో ఐదు ఫైళ్ళు: ముందు, వెనక, మెడ, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి.

అందుకే ఆ పెట్టెని ఆమె కుట్టుమిషన్ని చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకునేది. అడిగినప్పుడల్లా అప్‌డేట్ చేసేది. ముక్కూ మొహం తెలియని వాళ్ళు పంపిన లింకు చచ్చినా నొక్కేది కాదు. సీరియళ్ళు చూడ్డానికి అత్తగారికి వేరే లాగిన్ పెట్టింది. శుక్రవారం శుక్రవారం ఫైళ్ళన్నీ విడి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించేది. ఒక్క తప్పు మాత్రం చేసింది, దాచడమెందుకు. కుట్టుపని చేసేవాళ్ళకి సూది విడిగా వదిలే అలవాటుండదు. పనైతే దిండుకి గుచ్చాల్సిందే, లేకపోతే రాత్రికి ఎవరి కాల్లోనో ఉంటుంది. ఆ అలవాటుతోనే డిస్క్‌ని కూడా ఎప్పుడూ కంప్యూటర్‌కి గుచ్చే ఉంచింది. పీకి బీరువాలో పెడితే ఎక్కడ పోతుందోనని భయం.

ఇక మరిది సంగతి. భర్త తమ్ముడు, బీమా ఆఫీసులో ఉద్యోగం. ఒకప్పుడు ఆఫీసులో ప్రింటరు పనిచెయ్యకపోతే ఊడిపోయిన వైరు గుచ్చాడు. ఆ రోజు నుంచీ చుట్టాలందరికీ ఆయన ప్రొఫెసరు. ఎవరింటికెళ్ళినా కాఫీ చల్లారేలోపు వాళ్ళ కంప్యూటర్లో నాలుగు కొత్త బొమ్మలు మొలిపించకుండా లేవడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. పోయిన ఏడాది "ఇంకా ఈ కాగితాలేంటి వదినా, బొద్దింకలకి సత్రంలా" అని పోరు పెట్టి, పాత కాగితం నమూనాలన్నీ మూటగట్టించి చిత్తుకాగితాలవాడికి ఇప్పించింది కూడా ఈ మహానుభావుడే.

ఆ ఆదివారం టేపక్క ఇంట్లో లేదు. చక్రాల కుర్చీలో ఉండే ఒకాయన ప్యాంటు సరిచూడ్డానికి వాళ్ళింటికి వెళ్ళింది. భర్త బస్సు డ్యూటీలో ఉన్నాడు. ప్రొఫెసరు వచ్చాడు. కంప్యూటర్ పెట్టాడు. మూడు నిమిషాలు కూర్చున్నాడు. అంతే, కడుపు మండిపోయింది.

"అమ్మా, వదిన పాస్‌వర్డ్ ఏంటి?"

"బొత్తాల డబ్బా మూతకి లోపలివైపు రాసుంటుంది చూడరా," అంది అత్తగారు, బీన్స్ తరుక్కుంటూ. కన్నకొడుకు అడిగితే ఏ తల్లి కాదంటుంది?

ఆయన ఎక్కడో ప్రకటనలో చూసిన సాఫ్ట్‌వేర్ ఒకటి దింపాడు. నకిలీ ఫైళ్ళు ఏరేస్తుందట, కంప్యూటర్ రయ్యిమని పరిగెడుతుందట. అది అడిగింది: ఫైళ్ళు తెరిచి పోల్చమంటారా, పేరు చూసి పోల్చమంటారా? తెరిచి పోల్చడానికి రెండు గంటలు, పేరు చూడ్డానికి రెండు నిమిషాలు. ప్రొఫెసరుగారికి రెండు గంటల ఓపికెక్కడిది! పేరు చూడమన్నాడు. మళ్ళీ తిరిగి రాకుండా పూర్తిగా తుడిచెయ్యమంటారా అనడిగింది. భద్రత ముఖ్యం కదా అని దానికీ ఊఁ కొట్టాడు.

టేపక్క వచ్చేసరికి వాకిట్లోనే ఎదురొచ్చాడు. "వదినా, కళ్ళు మూసుకుని లెక్కపెట్టు. నలభై! నలభై సెకన్లలో లేస్తుంది ఇప్పుడు. రెండువేల నూట పదిహేను నకిలీలు పీకేశాను. అంత చెత్త ఎలా పోగేశావు వదినా?"

చెత్త! ఆ మాట విన్నాక కూడా ఆమె అనుమానించలేదు. మర్నాడు పొద్దున లైబ్రరీ మేడమ్ కోటు కత్తిరించాలని కూర్చుంది. వచ్చే సోమవారం మేడమ్ పెద్ద లైబ్రేరియన్‌గా బాధ్యత తీసుకుంటోంది, ఆ రోజుకి కొత్త కోటు కావాలి. ఫోల్డర్ తెరిచింది. ఖాళీ. పక్కది తెరిచింది. ఖాళీ. ఒకదాని తరవాత ఒకటి తెరుస్తూ పోయింది. డిస్క్‌లోకి వెళ్ళింది. అక్కడా ఖాళీయే. ఆ సాఫ్ట్‌వేర్‌కి కంప్యూటరేది, డిస్కేది? గుచ్చినవన్నీ ఒక్కటే, ఊడ్చుకుపోయింది. పేరుకొక్కటి చొప్పున ఉంచింది కాబట్టి, రెండొందల పన్నెండు మందిలో ఒక్కరివే ఐదు ఫైళ్ళు మిగిలాయి. అవి గడియారాలు బాగుచేసే తాతవి. ఆయన కాలంచేసి ఏడాది దాటింది.

ఫోన్ చేస్తే ప్రొఫెసరు సాయంత్రం వచ్చాడు, తాపీగా. అంతా విన్నాడు. విని ఏమన్నాడో తెలుసా?

"ఎందుకంత కంగారు వదినా? ఒక ఎడమ చెయ్యి ఉంచిందిగా. దాన్నే అందరికీ కాస్త అటూ ఇటూ సరిచేసుకో."

ఇరవై రెండేళ్ళ కాపురంలో అత్తగారి ముందు గొంతు పెంచని మనిషి ఆ రోజు పెంచింది. "అటూ ఇటూనా? ఏం తెలుసయ్యా నీకు? ఒకాయనకి చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోతుంది. ఒకావిడకి వంచుదామన్నా వంగదు. ఒక పిల్లకి కుడిదాని కంటే జానెడు పొట్టి. రెండొందల పన్నెండు ఎడమ చేతులయ్యా అవి, ఏ ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. ఉండవు గనకే వాళ్ళు నా దగ్గరికొచ్చారు! పేరొకటే అయితే మనిషొకటేనా?"

"నేను మంచికే చేశాను..."

"నిన్నెవరు అడిగారు మంచి చెయ్యమని? నా మిషన్ నేను నడుపుకుంటున్నాను. ఆ మూడు నిమిషాలకి నాకు లేని తొందర నీకెందుకు?"

అత్తగారు కలగజేసుకుంది. "పోనీలేవే అమ్మాయ్, తెలియక చేశాడు. మళ్ళీ కొలుచుకుంటే సరి."

"మళ్ళీ కొలుచుకుంటే సరి!" టేపక్క మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టింది. "మళ్ళీ కొలవనని మాటిచ్చాను అత్తయ్యా. ఒక్కొక్కరు నా ముందు ఎలా నిలబడ్డారో మీరు చూశారా? ఆ మాట నమ్మి నిలబడ్డారు వాళ్ళు."

కంప్యూటర్నీ డిస్క్‌నీ రిపేరు షాపుకి మోసుకెళ్ళింది. అక్కడి మెకానిక్ రెండు రోజులు ఉంచుకుని, తల అడ్డంగా ఊపాడు. "మామూలుగా చెరిపితే తెచ్చేవాణ్ణే అక్కా. దీన్ని కడిగేశారు. డిస్కయినా విడిగా పెట్టుకోవాల్సింది." ఆ చివరి మాట నిజమే. నిజమే కాబట్టి ఇంకా మండింది. దారంతా తనని తాను తిట్టుకుంటూ వచ్చింది. సూదిలా గుచ్చి ఉంచడమేమిటి, పాస్‌వర్డ్ బొత్తాల డబ్బాలో పెట్టడమేమిటి, బుద్ధి గడ్డి తిందా? కానీ తలుపు గడియ సరిగ్గా వెయ్యకపోవడం ఒక తప్పు, జొరబడి ఇల్లు ఊడ్చెయ్యడం ఇంకో తప్పు. రెండూ ఒక తక్కెట్లో తూగుతాయా?

గురువారం పొద్దున లైబ్రరీ మేడమ్‌కి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "వస్తాను," అని పెట్టేసింది ఆవిడ.

ఆవిడ వచ్చేసరికి ప్రొఫెసరు అక్కడే ఉన్నాడు. తుడిచిన డిస్క్‌లోంచి ఫైళ్ళు తెచ్చే ఇంకో సాఫ్ట్‌వేర్ ఏదో దొరికిందని ఆఫీసుకి వెళ్తూ దిగాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మేడమ్ కుర్చీలో కూర్చోలేదు.

"చెరిపింది ఈయనేనా?"

"నా మరిది. అవును."

"సారీ మేడమ్," అన్నాడు ప్రొఫెసరు, బస్సులో కాలు తొక్కినవాడిలా. "చిన్న టెక్నికల్ ప్రాబ్లమ్."

మేడమ్ ఆయన వంక అలాగే చూసింది. "చిన్నదా? అయితే నా కొలతలు మీరే రాయండి. ఆవిడ తెర లోపల చెబుతుంది, మీరు ఇవతల కూర్చుని రాయండి. మీకు తెలియాలి."

"నాకు ఆఫీసుకి టైమవుతోంది..."

"కూర్చో," అంది టేపక్క. నోట్‌బుక్కు చేతిలో పెట్టి, కుర్చీ గోడవైపు తిప్పి, తలుపు గడియ వేసి, తెర లాగింది.

"మెడ నుంచి ఎడమ భుజం కొసకి, పదకొండున్నర సెంటీమీటర్లు. కుడి భుజం కొసకి, పద్నాలుగు. రాశావా?"

"రాశాను."

"మెడ నుంచి నడుముకి, వెనక ఎడమవైపు, ముప్ఫైమూడున్నర. కుడివైపు, ముప్ఫైతొమ్మిది."

"ఏదో తేడా వచ్చింది వదినా, మళ్ళీ చూడు. ఒకే వీపు కదా?"

టేపు వీపు మధ్యలో ఆగిపోయింది. మేడమ్ ఊపిరి గట్టిగా పీల్చుకున్న చప్పుడు తెర ఇవతలికి కూడా వినబడింది.

"తేడా రాలేదు," అంది మేడమ్ మెల్లిగా. "అదే నా వీపు. రాసుకోండి."

ప్రొఫెసరు రాసుకున్నాడు. ఎడమ చేతికొచ్చేసరికి ఒక్కదానికే పదకొండు కొలతలు. ఏడో కొలత దగ్గర పెన్ను ఆగింది. "నా చొక్కాకి చెయ్యంటే రెండే తీస్తారు," అని గొణిగాడు, తనలో తనే అనుకున్నట్టు.

"ఒంటికి తగ్గట్టు నీకు ఏ షాపుకెళ్ళినా చొక్కా దొరుకుతుంది. అందుకే నీకు చేతులన్నీ ఒక్కటే," అంది టేపక్క. "ఎనిమిది. మణికట్టు లోపలివైపు, పదమూడు."

ముప్పావు గంట పట్టింది. మేడమ్ బయటికొచ్చి శాలువా భుజాల మీదికి లాక్కుంది. "పరవాలేదు" అనలేదు. ఎందుకనాలి? పరవా ఉంది మరి. "ఆదివారం వస్తాను కోటుకి," అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది. టేపక్క గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

ప్రొఫెసరు ఇంకా గోడవైపే తిరిగి కూర్చున్నాడు. ఆఫీసు ఊసెత్తలేదు.

"అందరికీ ఇంతసేపు పడుతుందా వదినా?"

"పడుతుంది."

"ఇంకా ఎంతమంది?"

"రెండొందల పది."

ఆమె తన ఫోన్ తీసి, జాబితాలో మొదటి నంబరు నొక్కి, ఆయన చేతిలో పెట్టింది.

"ఏమని చెప్పను?"

"ముందు నువ్వెవరో చెప్పు. తరవాత ఏం చేశావో చెప్పు. ఆ తరవాత, వాళ్ళని మళ్ళీ టేపు ముందుకి రమ్మని నువ్వే అడుగు."

అటు ఫోన్ ఎత్తారు. ఎవరో పెద్దావిడ, నవ్వుతున్న గొంతు. "ఏమ్మా టేపక్కా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా? నువ్వు కుట్టిన జాకెట్టే తొడుక్కుని ఉన్నానమ్మా ఇప్పుడు కూడా. నీ పుణ్యమా అని ఇంకొకరి ముందు నిలబడే అవసరం లేకుండా పోయింది."

ప్రొఫెసరు ఫోన్ వదిన వైపు చాపాడు. ఆమె అందుకోలేదు.

"చెప్పు," అంది టేపక్క.